నడిమి దొరువు

కాలనీ నుంచి,
ఆదివారం పొద్దున.

అమ్మకు,

నీ కొడుకు పరంజ్యోతి దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ కాలనీలో అందరం ఉన్నాం, మంచాన పడ్డవాళ్లు ఎవరూ లేరు. నువ్వు అక్కడ వేళకి ఇంత తింటూ, మోకాళ్ల నొప్పి మరీ ఎక్కువ కాకుండా ఉన్నావని అనుకుంటున్నాను.

ఇంతకు ముందు నీకు వచ్చిన మూడు ఉత్తరాలూ రెబెక్కమ్మ పిన్ని పేరుతో వచ్చాయి. రాసింది నేనే. ఆ సంగతి నీకు తెలిసే ఉంటుంది, పిన్నికి సంతకం పెట్టడం కూడా రాదు కదా. నా పేరు ఎక్కడా రాయించొద్దని నువ్వే ఆమెతో చెప్పి పంపావు. నేనూ ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. ఇది మాత్రం నా పేరుతో రాస్తున్నాను. నీ చేతికి వచ్చేలోపు జైలు ఆఫీసులో విప్పి చదువుతారు. చదవనీ.

అబిగయీలు అక్కా, జైల్లో అమ్మ పక్కనే ఉండి ఉత్తరాలు చదివి, రాసిపెడుతున్నందుకు మీకు దండాలు. ఇందులో చదవడానికి మీకు ఇబ్బందిగా ఉండే మాటలు కూడా ఉన్నాయి. ఒక్కటి కూడా దాటెయ్యకండి. అమ్మ మధ్యలో చాలు అన్నా ఆపకండి.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. ఆదిశేషమ్మ బిడ్డకి విరేచనాలు కట్టాయి. నెల్లూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచి పంపించారు. బాగా చిక్కిపోయింది, తల ఒక్కటే పెద్దగా కనిపిస్తోంది. అయితే పాలు తాగుతోంది, మనిషిని చూస్తే నవ్వుతోంది. ఉప్పు తగిలిన నీళ్లు పట్టొద్దని డాక్టరమ్మ చెప్పిందట. "మరి ఏం పట్టమంటారమ్మా?" అని ఆదిశేషమ్మ అడిగితే ఆమె చీటీ రాస్తూ ఉండిపోయిందట.

ఇంటి కప్పు వానలకి ముందే మార్చాను. నేనే ఎక్కాను, పిన్ని కింద నిలబడి తాటాకు అందించింది. నీ చేత్తో కట్టినంత బిగువు రాలేదు. పడమటి మూల ఒకచోట వెలుగు కనిపిస్తోంది. నల్లమేక ఈనింది. రెండు పిల్లలు, ఒకటే దక్కింది. విడవలూరులో గది ఖాళీ చేసి నేను ఇప్పుడు మన ఇంట్లోనే ఉంటున్నాను. ఎందుకో కింద రాస్తాను.

ఇక నడిమి దొరువు. నీళ్లు మళ్లీ తీపికి తిరిగినాయా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగావు. తిరుగుతున్నాయి, నాలుగు వానలు పడితే పూర్తిగా సర్దుకుంటాయి అని పిన్ని పేరు మీద రెండుసార్లు రాశాను. అది అబద్ధం అమ్మా. తిరగలేదు. ఈ పొద్దున కూడా దిగి చూశాను. నీళ్లు తేటగానే ఉన్నాయి, అడుగున ఇసుక కనిపిస్తుంది. నోట్లో పోసుకుంటే ఉప్పు. కడవ నింపుకుని పోతే పప్పు ఉడకదు, తాగితే దాహం తీరదు. తూర్పు దొరువుని ఆయిల్ పైపు కోసం తవ్విన కందకం మట్టితో పూడ్చేశారు. ఉత్తరపు దొరువు ఎండిపోయి, అడుగున నీళ్లు నిలిచిన చోట తెల్లగా ఉప్పు పేరుకుంది. పైపు దించేశారు. పైన ఇసుక సర్ది, అక్కడక్కడా పసుపు రంగు రాళ్లు పాతి పోయారు. మనుషులు గాని ఇంజన్లు గాని ఎవరూ లేరు ఇప్పుడు. దిబ్బ మీద నడుస్తుంటే ఏమీ జరగనట్టే ఉంటుంది.

అబిగయీలు అక్కది మాగాణి ఊరని రాయించావు. ఆమెకి దొరువంటే తెలియకపోవచ్చు. అక్కా, మా యానాది కాలనీ సముద్రానికీ ఉప్పుకాలవకీ మధ్యన ఇసుక దిబ్బ మీద ఉంది. ఎటు నడిచినా ఉప్పునీళ్లే. అయినా దిబ్బ మీద పడ్డ వాన ఇసుకలోకి ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలబడుతుంది. నడుం లోతు గుంట తవ్వితే ఆ తియ్యటి నీళ్లు ఊరతాయి. అదే దొరువు. మరీ లోతుకి తవ్వకూడదు, గబగబా తోడకూడదు. తోడితే కింది ఉప్పు పైకి వచ్చేస్తుంది. మా పిల్లలకి నడక వచ్చేసరికి ఈ సంగతి తెలుసు. మా అమ్మ ఎవర్నీ ఒక్కసారిగా రెండు కడవలకి మించి ముంచనిచ్చేది కాదు. "దాన్ని ఊపిరి తీసుకోనీండి మే" అని గట్టున కూర్చుని కేకలేసేది.

ఓడల్లో వచ్చే ఆయిల్‌ని రేవు నుంచి హైవే పక్కనున్న ట్యాంకులకి తీసుకుపోయే పైపు అది. మా దిబ్బ మీదుగా గీత గీశారు. కందకం తవ్వుతుంటే నీళ్లు ఊరి గట్లు జారిపోతున్నాయని, రెండు పక్కలా గొట్టాలు దించి, ఆరు ఇంజన్లు పెట్టి, మొదటి విడతే ఇరవై రోజులు ఆపకుండా లాగారు. లాగిన మంచినీళ్లని తీసుకుపోయి ఉప్పుకాలవలో వదిలారు. అమ్మ అప్పుడు అన్న మాట కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "మన నీళ్లు దొంగిలించినా బాగుండు, ఎవురో ఒకరు తాగుంటారు. పారబోసినారు."

తర్వాత అమ్మా, మీరు ఆడవాళ్లంతా ఖాళీ కడవలు ముందు పెట్టుకుని కందకంలో కూర్చున్నారు. పదకొండు రోజులు. తహసీల్దారు వచ్చి ఇది పోరంబోకు, మీకు పట్టాలు లేవు, లేవండి అన్నాడు. "పట్టా లేకపోతే దప్పిక కూడా ఉండదా అయ్యా?" అని నువ్వు అడిగావని మా ఆఫీసులో నవ్వుతూ చెప్పుకున్నారు. వాళ్లతో పాటు నేనూ కొంచెం నవ్వాను. ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా నేను అటు రాలేదు. నాలుగో రోజున కట్ట మీద బండి మీద పోతూ దూరం నుంచి మీ పచ్చటి టార్పాలిన్ చూశాను. తల తిప్పుకుని పోయాను.

ఎందుకు రాలేదని నువ్వు ఎప్పుడూ అడగలేదు. గవర్నమెంటు సర్వేయరు ఉద్యోగం, వస్తే పోతుందని నువ్వే అనుకుని, అడిగినవాళ్లకి కూడా అదే చెప్పావట. అది సగం నిజం. మిగిలిన సగం ఇది.

జనవరిలో ఆ లైను కొలిచింది నేనే అమ్మా.

నేను ఆ దిబ్బ మీద పుట్టినవాణ్ణని, తోవలు తెలుసని నాకే ఇచ్చారు. రెండు రోజులు కొలిచాను. ఫీల్డ్ బుక్‌లో మూడు దొరువుల్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పక్కన దూరాలు వేశాను. నడిమి దొరువు లైనుకి ముప్పై ఒక్క మీటర్లు. దొరువుల దగ్గర కొలిచేటప్పుడు నువ్వు ఇంట్లో లేవు, కాలనీవాళ్లతో పాటు కాలవలో పీతలకి పోయి ఉన్నావు. రిపోర్టులో ఒక ప్రశ్న ఉంటుంది, లైనుకి రెండు వందల మీటర్ల లోపల తాగునీటి వనరులు ఉన్నాయా అని. నేను మూడు అని రాసి పై ఆఫీసరు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి కళ్లజోడు తీశాడు.

"ఏందయ్యా ఇవి?"

"దొరువులు సార్. మా వాళ్లు తాగే నీళ్లు."

"రికార్డులో బావులున్నాయా ఆడ?"

"లేవు సార్."

"మరి? ఇసకలో గుంట తవ్వుకుంటే బావి అయిపోద్దా? ఈ ఏడు ఈడ తవ్వుకుంటారు, వచ్చే ఏడు ఇంకోచోట తవ్వుకుంటారు. లేవని రాయి."

నేను నిలబడే ఉన్నాను. ఆయన గొంతు పెంచలేదు. ఫైలు నా వైపు జరిపి, "నీ ప్రొబేషన్ ఇంకా ఎన్ని నెలలుండాది?" అని మాత్రం అడిగాడు.

కొత్త కాగితం తీసుకుని 'లేవు' అని రాశాను. రెండు అక్షరాలు. కింద సంతకం పెట్టాను. ఆ సాయంత్రం మన ఇంటికి వచ్చి పీతల కూర తిన్నాను, నీకు గుర్తుండే ఉంటుంది. కారం ఎక్కువైందా అని అడిగావు. కాదన్నాను.

ఇంజన్లు దిగాక మీరు కలెక్టరాఫీసుకి అర్జీ పెడితే, అక్కడ నీటి వనరులేవీ లేవని సర్వే రిపోర్టు చెప్తోంది అని జవాబు వచ్చింది కదా. ఆ కాగితం మన కాలనీలో చదవగలిగినవాళ్లు చదివి వినిపించారు. ఎవడో కళ్లులేనోడు రాసుంటాడని నువ్వు అన్నావట. సర్వేయరు పేరు ఆ కాగితంలో లేదు. అందుకని నేను నిద్రపోగలిగాను.

నువ్వు జైలుకి పోయాక రెండు నెలలకి లాయరమ్మ షాహనా గారు మా ఆఫీసుకి వచ్చారు. నీ బెయిలు చూస్తున్నదీ, చెన్నైలో ట్రిబ్యునల్లో కాలనీ తరఫున కేసు వేసిందీ ఆవిడే. నేను ఎవర్నో ఆవిడకి తెలియదు, సర్వేయర్‌గానే నా కోసం వచ్చారు. దొరువులు ముందు నుంచీ అక్కడ ఉన్నాయనీ, నీళ్లు తియ్యగా ఉండేవనీ చూపించే కాగితం ఒక్కటి కావాలన్నారు. "మీరు లైను కొలిచినప్పుడు ఫీల్డ్ బుక్‌లో ఏమన్నా రాసుకున్నారా?" అని అడిగారు. చూసి చెప్తానన్నాను. ఆ పుస్తకం అప్పుడు నా సంచిలోనే ఉంది. ఆవిడ పోతూ బెయిలు సంగతి కూడా చెప్పారు. బెయిలు వచ్చింది గానీ జామీను నిలబడే మనిషి దొరకలేదనీ, కాలనీలో ఎవరి పేరా సెంటు భూమి లేదనీ, ఎవరైనా ఒక గవర్నమెంటు ఉద్యోగి జీతం సర్టిఫికెట్ ఇచ్చినా కోర్టు ఒప్పుకుంటుందనీ అన్నారు. "మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి, పెద్దామె. ఎవురూ లేరంట పాపం."

చెప్తానన్నాను అమ్మా. పన్నెండు రోజులు చెప్పలేదు.

పదమూడో రోజు నీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే పిన్ని గడపలో కూర్చుని చదివి వినిపించాను. బిడ్డ సంగతి, కప్పు సంగతి, మేక సంగతి, దొరువు సంగతి. చివర్లో "ఆ పిల్లోడు అన్నం తింటుండాడా" అని ఉంది. అక్కడ ఆగిపోయాను.

"ఆపినావేందిరా? సదువు" అంది పిన్ని.

"అయిపోయింది పిన్నీ."

"అయిపోలా. నీ సంగతి అడిగుంటది. అడక్కుండా ఉండదు మీ అమ్మ."

పిన్ని లేచి లోపలికి పోయి, మూతపెట్టిన గిన్నెలో అన్నం తెచ్చి నా ముందు పెట్టింది. "తిను. తిని, తింటుండానని రాయి. పేరు మాత్రం నా పేరే ఏసుకో, నీకు అలవాటేగా" అంది. తిట్టినట్టు కూడా అనలేదు. ఆ అన్నం ఉప్పునీళ్లతో వండింది. ఆవిడ మూడు నెలలుగా అదే తింటోంది.

ఆ మర్నాడు నెల్లూరు పోయి షాహనా గారికి ఫీల్డ్ బుక్ ఇచ్చాను. 'లేవు' అని రాసింది నేనేననీ, ఎవరు రాయమంటే రాశాననీ, నేను కామమ్మ కొడుకుననీ చెప్పాను. ఆవిడ పెన్సిల్ గుర్తులన్నీ ఒక్కొక్కటే చూశారు. తర్వాత, "ఇది ముందే ఇచ్చుంటే పైపు దించకముందు స్టే అడిగేవాళ్లం" అన్నారు. అంతే అన్నారు. ఆవిడ మా ఆఫీసుకి వచ్చిన రోజుకి కందకం ఇంకా మన దిబ్బ దగ్గర తెరిచే ఉంది. ఆ పన్నెండు రోజుల్లోనే మూశారు.

అఫిడవిట్ మీద సంతకం పెట్టిన వారానికి నన్ను సస్పెండ్ చేశారు. తప్పుడు రిపోర్టు ఇచ్చినందుకట. రాయమన్న ఆయన విచారణలో అట్లాంటిదేమీ తనకి తెలియదన్నాడు. ఆయన మీద నాకు కోపం రావడం లేదు. నేను చేసిన పనే ఆయనా చేశాడు.

సస్పెండ్ చేసిన కాగితం తీసుకుని మళ్లీ షాహనా గారి దగ్గరికే పోయాను. అమ్మకి నేను జామీను ఉంటానన్నాను. ఆవిడ ఆ కాగితం చదివి మడిచి నాకే ఇచ్చారు. "జీతం ఆగిపోయిందిగా నాయనా. ఇప్పుడు మీ సర్టిఫికెట్ చెల్లదు" అన్నారు. జామీను లేకుండా సొంత పూచీ మీద విడవమని ఇంకో పిటిషన్ వేశారు. అది ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చినా, లైను దరిదాపులకి పోకూడదనే షరతు తియ్యరట. మన ఇల్లు లైనుకి అరవై మీటర్లు. ఇంటికి పోనప్పుడు బయటికెందుకు అని నువ్వు ఆవిడతో అన్నావని చెప్పారు. ట్రిబ్యునల్ వాళ్లు మాత్రం మనుషుల్ని పంపి నడిమి దొరువులో నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. కేసు డిసెంబరులో ఉంది. గెలిస్తే మనకి కొళాయి వేయిస్తారేమో. ఉప్పు మళ్లీ కిందికి దిగాలంటే ఎన్ని వానాకాలాలు పట్టుద్దో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఇవన్నీ షాహనా గారికి చెప్పినవే. ఆవిడకి గాని పిన్నికి గాని చెప్పనిది ఒకటి ఉంది. దాని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టి, ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను.

నిన్ను పట్టుకుపోయిన రోజు పొద్దున కూలీలు టీ తాగుతుండగా నువ్వు పోయి రెండు ఇంజన్ల డీజిలు ట్యాంకుల్లో ఇసుక పోశావు. ఎవడో ఫోన్లో తీశాడు. పోలీసులు వచ్చి, దగ్గర్లో ఉన్నదని చంకలో బిడ్డతో సహా ఆదిశేషమ్మని జీపెక్కించబోతే నువ్వు అడ్డం పోయావు. "అది కాదు, నేను. చేతులు వాసన చూడండి, ఇంకా డీజిలు కంపే కొడతుండాది" అన్నావు. ఆ మాట నేను అక్కడ లేకపోయినా కాలనీ అంతా నాకు చెప్పింది.

మధ్యాహ్నం మా గ్రామ సచివాలయాల్లో పనిచేసేవాళ్లందర్నీ స్టేషన్‌కి రమ్మన్నారు. వీడియోలో ఎవరెవరున్నారో గుర్తుపట్టాలట. నేనూ పోయాను. నిన్ను తీసుకొచ్చారని అప్పటికి నాకు తెలియదు. సీఐ గదిలోకి ఒక్కొక్కళ్లనే పిలిచారు. నా వంతు వచ్చేసరికి ఆయన ఫోను నా ముందు పెట్టాడు. నువ్వు ఇంజన్ పక్కన నిలబడి ఉన్నావు, రెండు చేతుల నిండా ఇసుక ఉంది. తీస్తున్నవాడి వైపు నిదానంగా చూస్తున్నావు.

"ఈ ముసలామె తనే చేసినానంటుండాది, అయినా మనకి సాక్షి కావాల. నువ్వు ఈ పక్కోడివేగా, ఎవురీమె?"

"తెలీదు సార్."

"సరిగా చూడు."

"చూసినాను సార్. నాకు తెలిసినామె కాదు."

అంతటితో ఆగలేదమ్మా. నా రిపోర్టు సంగతి ఎక్కడ బయటపడుద్దోననీ, ఆయన మళ్లీ ఎక్కడ అడుగుతాడోననీ, ఆయన అడక్కుండానే ఇంకో మాట అన్నాను. "వీళ్లు ఒకచోట ఉండే రకం కాదు సార్, యాడాడ నుంచో వస్తుంటారు" అన్నాను. వీళ్లు అన్నాను. సీఐ తల ఊపి నన్ను పొమ్మన్నాడు.

బయటికి వస్తే వరండాలో, ఆ గది కిటికీ కిందే, నువ్వు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నావు. కిటికీ తలుపులు తెరిచే ఉన్నాయి. నువ్వు నా చెప్పుల వైపు చూశావు, మొహం వైపు చూడలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి పోతుంటే కాళ్లు దగ్గరికి తీసుకున్నట్టు తీసుకుని తోవ ఇచ్చావు. నేను మెట్లు దిగుతున్నాను. వెనకాల కానిస్టేబులు కాగితం మీద రాసుకుంటూ, "నీ వాళ్లెవరన్నా ఉండారా, కబురు చెయ్యాలంటే?" అని అడిగాడు. నువ్వు చెప్పింది నాకు వినిపించింది.

"ఎవురూ లేరు నాయనా. నేనొక్కదాన్నే."

నేను ఆగలేదు. బండి తీసుకుని విడవలూరు దాకా ఒక్క పట్టున పోయాను. మన కాలనీలో నలభై ఇళ్లవాళ్లకి నేను నీ కొడుకునని తెలుసు. పోలీసులు వచ్చి అడిగినప్పుడు ఒక్కళ్లు కూడా చెప్పలేదు. సగం మందిది ఒకే ఇంటిపేరు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాలేదు. నా కోసం అందరూ అబద్ధమాడారు. నా ఉద్యోగం నిలబడితే చాలనుకున్నారు, కాలనీలో అదొక్కటే ఉద్యోగం.

నన్ను కాపాడడానికే నువ్వు ఎవరూ లేరన్నావని మూడు నెలలు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే అయ్యుంటుంది. కానీ కిటికీ తెరిచి ఉంది కదా. నా మాటలు వినకముందే నువ్వు అట్లా అనాలనుకున్నావో, విన్నాక అన్నావో నాకు తెలియదు. వినలేదేమో అని కొన్నాళ్లు అనుకున్నాను. వినకపోయి ఉంటే ఇప్పుడు నా నోటితోనే వింటున్నావు. విని ఉంటే, నువ్వు విన్నావని నాకు తెలుసుననైనా నీకు తెలియాలి. నువ్వు ఎవరూ లేరన్నది నా కోసం. నేను తెలీదన్నది నా కోసమే. రెండూ ఒక పూటే, ఒక గోడకి అటూ ఇటూ జరిగాయి.

క్షమించమని రాయడానికి రెండుసార్లు కలం ఆనించాను. నువ్వు వెంటనే క్షమించేస్తావని తెలుసు, అందుకే రాయలేకపోతున్నాను. బిడ్డ చిక్కిపోయింది, పిన్ని ఉప్పన్నం తింటోంది, దొరువు పోయింది. వాళ్ల తరఫున నువ్వు క్షమించడానికి లేదు.

ఇప్పుడు పొద్దున్నే ట్యాంకరు నీళ్లకి పోయేది నేనే. కట్ట దాకా వస్తుంది, వారానికి రెండుసార్లు. తోపుడు బండి మీద కడవలు పెట్టుకుని ముసలివాళ్ల ఇళ్లకి వేస్తున్నాను. నాతో అందరూ మాట్లాడుతున్నారు. రిపోర్టు రాసింది నేనేనని చెప్పిన రోజు ఎవరూ ఏమీ అనలేదు. ఆదిశేషమ్మ మాత్రం బిడ్డని ఎత్తుకుని లోపలికి పోయింది. ఇప్పటికీ నేను నీళ్లు దించేదాకా బయటికి రాదు. నీళ్లు మాత్రం తీసుకుంటుంది.

గురువారం ములాఖత్‌కి వస్తున్నాను. అడిగాను, అక్కడ గేటు దగ్గర ఒక ఫారం ఇస్తారట. వచ్చినవాళ్ల పేరు, ఊరు, ఖైదీతో సంబంధం రాయాలి. కొడుకు అని రాస్తాను. వాళ్లు లోపలికి వచ్చి ఫలానావాడు వచ్చాడని నీతో చెప్తారు. నీకు ఎవరూ లేరని వాళ్ల కాగితాల్లో ఉంది కాబట్టి, ఇతను ఎవరని నిన్ను అడుగుతారేమో. నీ ఇష్టమొచ్చినట్టు చెప్పు. తెలియదన్నా సరే. ఉద్యోగం పోయింది కాబట్టి నువ్వు ఇక దాచాల్సినది మాత్రం ఏమీ లేదు. నువ్వు రాకపోతే వేళ అయిపోయేదాకా కూర్చుని వస్తాను. పై గురువారం మళ్లీ వస్తాను.

అన్నం తింటున్నానమ్మా. మోకాళ్లకి పిన్ని నూనె కాచి ఇచ్చింది, లోపలికి రానిస్తారో లేదో కనుక్కుని తెస్తాను.

ఇట్లు,
మన దిబ్బ కొలిచినవాడు, నీ కడుపున పుట్టినవాడు,
నీ కొడుకు
పరంజ్యోతి